మా గుమ్మం వదలని బిల్లు గారికి

మహారాజశ్రీ సబ్ కాంట్రాక్టరు బిల్లు గారికి,

ఉభయకుశలోపరి. ఉభయ అన్నది మర్యాదకే రాశాను. ఆలస్యమయ్యేకొద్దీ ఒళ్లు చేసే రకం కాబట్టి తమరు కులాసాగానే ఉంటారు. టెన్షనంతా నాది.

మిమ్మల్ని కన్నది టైల్స్ మేస్త్రీ. ఆయన్ని పనికి పిలిచిందీ, రేటు మాట్లాడిందీ కాంట్రాక్టరు. మేస్త్రీకీ నాకూ జరిగిన ఒప్పందమల్లా "మోటారు స్విచ్ ఎక్కడండీ?", "ఆ తలుపు పక్కన" అన్నంతవరకే. ఎవరితో ఒప్పందం చేసుకున్నారో వాళ్లనే డబ్బు అడగాలని చాలా దేశాల చట్టాలు మామూలుగా చెప్పే మాట. అయినా తమరు కాంట్రాక్టరు గుమ్మం తొక్కరు. ఎందుకో నాకు తెలుసులెండి. ఆయన ఫోను స్విచాఫ్ అవుతుంది, మా ఇల్లు అవదు. బాకీ ఉన్నవాణ్ణి వదిలేసి, పారిపోలేనివాణ్ణి పట్టుకోవడంలో తమరి తెలివికి జోహార్లు.

ఇక అసలు గొడవకొస్తాను. బాత్రూమ్‌లో చెంబెడు నీళ్లు పోస్తే జాలీ వైపు పోవాలి. మా బాత్రూమ్‌లో అవి జాలీని ఓ చూపు చూసి, గుమ్మం దాటి హాల్లోకి షికారుకొస్తాయి. మూలనున్న టైలుని వేలితో తడితే డొల్లగా మోగుతుంది. నేల వాటం సరిచేసేదాకా కాంట్రాక్టరుకి ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వనన్నాను. "ఆయనిస్తే నీకిస్తా" అని మేస్త్రీతో కాంట్రాక్టరు అన్నాడు. "డబ్బిస్తే వచ్చి సరిచేస్తా" అన్నాడు మేస్త్రీ. ఎవరికి వారు న్యాయమే మాట్లాడుతున్నాం. నీళ్లు మాత్రం హాల్లోనే ఉన్నాయి.

ఈ "ఆయనిస్తే నీకిస్తా" చిన్న మాటేం కాదు. నిర్మాణ ఒప్పందాల్లో ఇలాంటి షరతు చెల్లదని బ్రిటన్ 1996లో ఏకంగా చట్టమే చేసింది, పైన డబ్బివ్వాల్సినవాడు దివాలా తీస్తే తప్ప. నేనింకా దివాలా తీయలేదు. మీరిలాగే వస్తూ ఉంటే ఆ ముచ్చటా తీరుతుంది.

తమరి వంశంలో పెద్దవాళ్లు అమెరికాలో ఉన్నారు. వాళ్ల రాజధాని కట్టే రోజుల్లో, 1791లో, మేరీలాండ్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పనిచేసినవాడికి డబ్బు ముట్టకపోతే కట్టిన భవనం మీదే హక్కు పెట్టుకోవచ్చని దాని సారాంశం. అలాంటి చట్టాలు ఇప్పుడు అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కొన్నిచోట్ల యజమాని కాంట్రాక్టరుకి పూర్తిగా కట్టేసినా, డబ్బందని సబ్ కాంట్రాక్టరు ఇంటి మీద హక్కు నమోదు చేయించొచ్చు. అంటే ఒకే గోడకి రెండుసార్లు డబ్బు. తమరిలో ఇంత ప్రతిభ ఉందని ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు అనిపించదు సుమా! ఇలా కిందివాళ్లకి డబ్బందకపోతే పనికొస్తుందనే, కెనడాలోని ఒంటారియోలో ప్రతి చెల్లింపులోనూ 10 శాతం ఆపి ఉంచాలని చట్టమే చెబుతుంది.

నా నోటి నుంచి తమరు ఏ మాట కోసం కాచుకుని ఉన్నారో కూడా తెలుసు. "పని ఆపకండి, మీ డబ్బు సంగతి నేను చూసుకుంటా." ఇంట్లో చుట్టాలుండి, బాత్రూమ్ సగంలో ఉన్నప్పుడు ఏ యజమాని నోటికైనా ఈ మాట ఇట్టే వచ్చేస్తుంది. అది అన్నాక మరి నాకు సంబంధం లేదనడం కష్టం. కాంట్రాక్టరు బాకీ కాస్తా నా బాకీ అయి కూర్చుంటుంది. ఆ మాట నేను అనను. ఆశ వదులుకోండి.

మేస్త్రీ మీద నాకు కోపం లేదు (వాటం మీద ఉంది, అది వేరే సంగతి). కూలీలకి ఆయన ఏ రోజు డబ్బు ఆ రోజు జేబులోంచి ఇచ్చుకున్నాడు. వాళ్లకి "ఆయనిస్తే నీకిస్తా" అని చెప్పే వీలు ఆయనకి లేదు. ఈ ముగ్గురిలో నిజంగా మునిగింది ఆయనే. అసలు ప్రతి వాయిదా దగ్గరా కాంట్రాక్టరు తన కిందివాళ్ల చేత "నాకు ముట్టింది" అని సంతకం పెట్టించి తెస్తే తమరు పుట్టేవారే కాదు. రసీదు అడిగితే మాత్రం ఆయన "నమ్మకం లేదా సార్?" అని నొచ్చుకుంటాడు. నొచ్చుకోవడానికి ఖర్చేముంది, రసీదుకైతే డబ్బివ్వాలి.

కాబట్టి ఈసారి ఒంటరిగా రాకండి. వాటం సరిచేసే మేస్త్రీనీ, "ఇంత మొత్తం నా లెక్కలోంచి తగ్గించి నేరుగా ఆయనకిచ్చేయండి" అని కాంట్రాక్టరు సంతకం పెట్టిన కాగితాన్నీ వెంటబెట్టుకుని రండి. నీళ్లు జాలీలోకి పోయిన రోజే తమరి వాటా మేస్త్రీ చేతిలో పెడతాను, మిగిలింది కాంట్రాక్టరుది. ఈ ముక్క ఆయనకి తమరే చెప్పాలి. నా నంబరు కనిపిస్తే ఎత్తడం లేదు.

ఇట్లు,
తమరి శాశ్వత చిరునామాదారు