దయచేసి పోస్టులు భర్తీ చేయకండి

ఈ మధ్య ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలు రాసే కొందరు అభ్యర్థులు పనిగట్టుకుని ఒక ప్రమాదకరమైన డిమాండు మొదలుపెట్టారు. నోటిఫికేషన్ ఇచ్చిన ఏడాదిలోపు పరీక్షలు, ఫలితాలు, సర్టిఫికెట్ల వెరిఫికేషను, ఆర్డర్లు అన్నీ అయిపోవాలట. ఏటా జనవరిలో జాబ్ క్యాలెండర్ రావాలట. అది కూడా పోనీ అనుకోవచ్చు, ఆ క్యాలెండర్లో వేసిన తేదీకే పరీక్ష జరగాలట! ఏదో వయసు వేడిలో అంటున్న మాటలే తప్ప, దీనివల్ల ఎంతమంది పొట్ట మీద దెబ్బ పడుతుందో వాళ్లకి తెలియదు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నవాడిగా, నాలుగు రకాల వ్యాపారాలు కళ్లతో చూస్తున్నవాడిగా, ప్రభుత్వం వారు ఈ మాటలు చెవిన వేసుకోవద్దని చేతులు జోడించి మనవి చేస్తున్నాను.

బ్రాడీపేట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇక్కడ వీధులకి పేర్లు తక్కువ, నంబర్లు ఎక్కువ. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అనాలంటే 4/14 అని రాస్తే సరిపోతుంది, ఆటోవాళ్లకి కూడా అర్థమవుతుంది. కోచింగులున్న అడ్డరోడ్లలోకి తిరిగితే కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో క్లాసులు, ఆపైన స్టడీ హాలు, అన్నిటికంటే పైన రేకుల కింద హాస్టలు, గోడ నిండా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల్లో ఒకే ర్యాంకరు మూడు చోట్ల నవ్వుతుంటాడు. ఒకరి దగ్గర క్లాస్‌రూమ్ విద్యార్థి, ఇంకొకరి దగ్గర టెస్ట్ సిరీస్ విద్యార్థి, మూడోచోట ఆన్‌లైన్ విద్యార్థి. అసలు ఆ అబ్బాయి ఇంట్లో కూర్చుని తెలుగు అకాడమీ పుస్తకాలు చదువుకున్నాడని అతని స్నేహితులు అంటుంటారు గానీ, అలాంటి మాటలకి ఫ్లెక్సీలు ఎవరూ వేయించరు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. మిర్చి యార్డుకి సీజన్ ఎలాగో బ్రాడీపేటకి నోటిఫికేషన్ అలాగ. కాకపోతే మిర్చికి ఏడాదికి ఒకటే సీజను, మాకు వాయిదా పడ్డప్పుడల్లా కొత్త సీజను.

ఉదాహరణకి ఏపీపీఎస్సీ, అంటే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి గ్రూప్-2 చూడండి. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. అప్లై చేయడానికి 2024 జనవరి 10 చివరి తేదీ అన్నారు, అది 17 అయింది. ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ అయిపోయింది, ఇంత తొందరేంటని ఇక్కడ చాలామంది కంగారుపడ్డారు. తర్వాత పరిస్థితి చక్కబడింది. జులై 28న పెడతామన్న మెయిన్స్ వాయిదా వేసి, 2025 జనవరి 5 అన్నారు, అదీ కాదని ఫిబ్రవరి 23 అన్నారు. తేదీ మారినప్పుడల్లా ఇక్కడ ఒక కొత్త బ్యాచ్ పుట్టింది. జులైకి ముందు రివిజన్ బ్యాచ్, జనవరికి ముందు సూపర్ రివిజన్, ఫిబ్రవరికి ముందు ఫైనల్ రివిజన్. ఇంకోసారి వాయిదా పడితే ఏం పేరు పెట్టాలా అని ఒక సారు నిజంగానే దిగులుపడ్డారు. జులై వాయిదా వార్త వచ్చిన సాయంత్రం ఒక కుర్రాడు హాస్టల్ మెట్ల మీద కూలబడిపోయాడు. హాస్టల్ ఆంటీ టీ తెచ్చిచ్చి, పక్కన నిలబడి, "బాధపడకు నాయనా, ఏది జరిగినా మన మంచికే" అన్నారు. అతను తలెత్తి చూశాడు. "ఇంతకీ వచ్చే నెలకి కూడా ఉంటున్నట్టేగా?" అని అడిగారు. అడ్వాన్సు నుంచి తగ్గించుకోవద్దని కూడా చెప్పి వెళ్లారు.

చివరికి ఆ ఫిబ్రవరి 22వ తేదీ శనివారం చూడాలి. తెల్లవారితే పరీక్ష. రోస్టర్ పాయింట్ల గొడవ, అంటే ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కి పోవాలన్న వరస గొడవ, తేలలేదని రోడ్డెక్కినవాళ్లు ఒక పక్క, వాయిదా వేయమని ప్రభుత్వం కమిషన్‌కి రాసిన లేఖ ఒక పక్క, యథాతథంగా జరుగుతుందని కమిషన్ వారి ప్రకటన ఇంకో పక్క. హాస్టల్లో సగం మంది పుస్తకం మూసి ఫోను పట్టుకున్నారు, మిగతా సగం ఫోను మూసి పుస్తకం పట్టుకుని మళ్లీ ఫోను తీశారు. రాత్రి పదకొండు దాటాక కూడా "ఉందా, లేదా" అని ఊళ్లనుంచి ఫోన్లు. పరీక్ష ఉందో లేదో తెలియకుండా పరీక్షకి తయారవ్వడమనేది వేదాంతంలో చాలా పై మెట్టు. భగవద్గీతలో ఫలితం ఆశించకుండా పని చేయమన్నారు గానీ, పని ఉందో లేదో కూడా తెలియకుండా చేయమని అందులో కూడా లేదు. అది మన దగ్గరే సాధ్యమైంది.

ఇక అప్లికేషన్ సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉన్నారు. ముందు ఓటీపీఆర్ ఉండాలి, అంటే వన్ టైమ్ ప్రొఫైల్ రిజిస్ట్రేషన్. పేరులో వన్ టైమ్ అని ఉంది కదా అని ఒకసారి చేసి వదిలేస్తే కుదరదు, ప్రతి నోటిఫికేషన్‌కీ పాస్‌వర్డ్ మర్చిపోవాలి, ఫోన్ నంబరు మారి ఉండాలి, ఓటీపీ పాత సిమ్ముకి పోవాలి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడెక్కడ చదివారో చెప్పాలి, ఎవరు ఎక్కడ లోకల్ అభ్యర్థో తేలేది దాన్నిబట్టే. నాన్న బదిలీల వల్ల మూడు ఊళ్లలో చదివిన పిల్లవాడు ఈ ఒక్క గడి దగ్గర తన బాల్యమంతా గుర్తు చేసుకోవాల్సి వస్తుంది. పదో తరగతి మెమోలో వెంకట, ఆధార్‌లో వెంకటా. ఆ ఒక్క దీర్ఘం కోసం వార్డు సచివాలయానికి ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాడికే తెలుసు. చివరి రోజు సాయంత్రం నెట్ సెంటర్లో కుర్రాడు సంతకం కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి, చుట్టూ కత్తిరించి, కేబీలు తగ్గించి, మళ్లీ తగ్గించి, "అన్నా, ఇది మీ సంతకంలా ఉందా?" అని అడుగుతాడు. స్క్రీను మీద ఒక నల్లటి గీత కనబడుతుంది. ఉంది తమ్ముడూ, కానివ్వు అనాలి. ఆ తర్వాత పేమెంటు గేట్‌వే తిరుగుతూ ఉంటుంది. 250 ప్రాసెసింగు, 80 పరీక్ష ఫీజు, మినహాయింపు ఉన్నవాళ్లకి ఆ 80 ఉండదు. డబ్బు అకౌంట్లో కట్ అవుతుంది, వెబ్‌సైటులో మాత్రం పెండింగ్ అని చూపిస్తుంది. నా ఉద్దేశంలో అసలైన ప్రిలిమ్స్ ఇదే, దీనికి నెగెటివ్ మార్కులు కూడా ఉన్నాయి, కాకపోతే అవి రూపాయల్లో ఉంటాయి.

సిలబస్ గురించి కొంత గర్వంగా చెప్పుకోవాలి. మెయిన్స్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. ఆంధ్రప్రదేశ్ సామాజిక సాంస్కృతిక చరిత్రకి 75, రాజ్యాంగానికి 75, ఎకానమీకి 75, సైన్స్ అండ్ టెక్నాలజీకి 75. దీంట్లో గట్టెక్కినవాళ్లలో ఒకరు డిప్యూటీ తాసీల్దారు, ఒకరు సబ్ రిజిస్ట్రారు, ఒకరు ఎక్సైజ్ ఎస్సై అవుతారు. నాటుసారా బట్టీ మీద దాడికి వెళ్లే మనిషికి క్రయోజెనిక్ ఇంజన్ గురించి తెలిసి ఉండటం మంచిదే కదా, వెళ్లే దారిలో కానిస్టేబుళ్లకి చెప్పొచ్చు. 315 నుంచి 323 వరకు ఆర్టికల్స్, అంటే పబ్లిక్ సర్వీస్ కమిషన్ల గురించి రాజ్యాంగంలో ఉన్నదంతా, బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఎవరిని అడిగినా గడగడా చెబుతారు. కమిషన్ సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు, రాష్ట్ర కమిషన్ అయితే 62 ఏళ్ల వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అది. అవన్నీ వచ్చు. మెయిన్స్ ఎప్పుడు అని అడిగితే మాత్రం టీ గ్లాసు కింద పెట్టి అటు తిరుగుతారు.

ఆ చరిత్ర సిలబస్‌లో ఒక ముక్క చెబుతాను. మోటుపల్లి రేవులో అభయ శాసనం 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించాడు. ఓడలు తుఫానుకి కొట్టుకొచ్చినా మీ సరుకు మేం లాక్కోం, నిర్ణయించిన సుంకం కట్టి వ్యాపారం చేసుకోండి అని సముద్ర వర్తకులకి రాయి మీద చెక్కించి మరీ మాటిచ్చాడు. ఇది చాలామంది అభ్యర్థులకి ఇష్టమైన బిట్టు. ఎందుకు ఇష్టమో నేను విడిగా చెప్పక్కర్లేదు, రాయి మీద చెక్కిన మాట అంటే వాళ్లకి అంత గౌరవం. ఇలాంటి జ్ఞానమంతా ఉద్యోగం వచ్చిన ఆరు నెలల్లో ఆవిరైపోతుంది. ఫైళ్లు, వీడియో కాన్ఫరెన్సులు, ప్రొటోకాల్ డ్యూటీలు. భర్తీ చేసిన ప్రతి పోస్టుకీ మన సమాజం ఒక చరిత్రకారుణ్ణి పోగొట్టుకుంటోంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

వేగంగా భర్తీ చేస్తే ఏమవుతుందో 2019లో చూశాం. గ్రామ, వార్డు సచివాలయాలకి జులై చివర్లో నోటిఫికేషన్, సెప్టెంబరు మొదటివారంలో పరీక్షలు, అక్టోబరు 2కల్లా ఉద్యోగాలు. లక్షకి పైగా పోస్టులు! హాస్టళ్లు నిండి, ఖాళీ అయి, తలుపులు వేసుకోవాల్సి వచ్చింది. కోచింగులు సిలబస్ సగంలో ఉండగానే ఫలితాలు వచ్చేశాయి. ఇంతటి అనర్థం మళ్లీ జరగకూడదు. అదృష్టవశాత్తు ఆ ఉద్యోగాలు వచ్చినవాళ్లలో చాలామంది, ముఖ్యంగా బీటెక్ చదివి పంచాయతీలో కూర్చున్నవాళ్లు, తిరిగి గ్రూప్-2 పుస్తకాలు పట్టారు. సెలవు పెట్టి వస్తున్నారు, జీతం డబ్బుతో ఏసీ స్టడీ హాల్లో సీటు తీసుకుంటున్నారు. ఉద్యోగం లేనివాడికంటే ఉన్నవాడే మంచి కస్టమరని బ్రాడీపేట అప్పుడు తెలుసుకుంది.

గ్రూప్-1 వాళ్లది మరీ ఆదర్శం. 2018 డిసెంబరు 31న ఇచ్చిన నోటిఫికేషన్‌లో మెయిన్స్ పేపర్లు ఎలా దిద్దారన్న వివాదం కోర్టుకెక్కి, 2024 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ మెయిన్స్‌నే రద్దు చేశారు. డివిజన్ బెంచ్ దాని మీద స్టే ఇచ్చింది. ఎంపికైనవాళ్లు అప్పటికే కుర్చీల్లో కూర్చుని సంతకాలు పెడుతున్నారు. ఉద్యోగంలో చేరాక కూడా ప్రిపరేషన్ నాటి టెన్షన్ పోకుండా చూసుకున్న ఘనత మన రాష్ట్రానికి దక్కింది.

ఒక విషయంలో మాత్రం నా వాదన కొంచెం తడబడుతుంది. అబ్బాయి ప్రిపేర్ అవుతున్నాడంటే అదొక హోదా. "మావాడు గ్రూప్స్ రాస్తున్నాడండీ" అని తండ్రి పెళ్లిళ్లలో చెప్పుకోవచ్చు, ఇంకో రెండు మూడేళ్లు గడుపుకోవచ్చు. అమ్మాయికి ఇంట్లో ఇచ్చిన గడువు ఒక్క నోటిఫికేషనే. ఆ ఏడాది లేడీస్ హాస్టల్లో మెయిన్స్ వాయిదా పడింది గానీ, ముహూర్తాలు వాయిదా పడలేదు. పెళ్లై, బిడ్డని అమ్మ దగ్గర వదిలి, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి మధ్యాహ్నం క్లాసు విని, నాలుగింటికి ఫోన్లో బిడ్డ ఏడుపు వింటూ బస్టాండుకి పరిగెత్తే ఒకమ్మాయిని రెండు సీజన్లు చూశాను, మూడో సీజన్లో కనబడలేదు. ఈమె గురించి అయితే పోస్టులు త్వరగా భర్తీ చేయమనే అంటాను. కానీ విధానాలు ఒక్కరి కోసం మార్చరు కదా, మనం విషయానికొద్దాం.

వయసు. 2023 గ్రూప్-2 నోటిఫికేషన్‌లో చాలా పోస్టులకి ఓసీలకి 42 ఏళ్లు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి ఇంకో ఐదేళ్లు ఎక్కువ. అంటే డిగ్రీ అయిన ఇరవై ఒకటో ఏట చేరితే సర్వీసు హీనపక్షం రెండు దశాబ్దాలు. ఇది ప్రభుత్వ ఉద్యోగంతో పోటీ పడే సర్వీసు. అటు ఉద్యోగంలో ఉన్నవాళ్ల పదవీ విరమణ వయసు 2022లో 60 నుంచి 62కి పెరిగింది కాబట్టి ఖాళీలు కూడా తొందరపడటం లేదు. రెండు వైపులా ఇంత చక్కగా సర్దుబాటు అవుతున్నప్పుడు మధ్యలో ఈ జాబ్ క్యాలెండర్ దేనికో నాకు అర్థం కాదు. ఇన్నేళ్ల సర్వీసు పూర్తి చేసి 42 దాటినవాళ్లని సన్మానించి శాలువా కప్పే ఏర్పాటు చేస్తే చాలు, ఇంక్రిమెంట్లూ పెన్షనూ ఎవరూ అడగడం లేదు.

ఇంత చెప్పినా పోస్టులు భర్తీ చేసి తీరతాం అంటే చేసేదేముంది, ప్రభుత్వం కదా. కాకపోతే ఆఖరి ఫలితాలు ఇచ్చిన మధ్యాహ్నమే ఇంకో నోటిఫికేషన్ ఇవ్వండి, మెస్‌లో రాత్రి భోజనానికి ఎంతమంది అన్నది ఆ సాయంత్రంలోగా తెలియాలి. పరీక్ష మాత్రం ఆదివారం పెట్టకండి. ఆ గ్రూప్-2 ప్రిలిమ్సూ ఆదివారమే, మెయిన్సూ ఆదివారమే. వారమంతా సాంబారు తిని బతికేవాడు తిరిగొచ్చేసరికి చికెన్ అయిపోతోంది, పులుసు కూడా మిగలడం లేదు.