ఆ ఆరో పాయింటు మాత్రం తీసెయ్ అన్నా

మా పదో తరగతి గ్రూపులో ఈ మెసేజ్ రావడం నెలలో ఇది నాలుగోసారి. ‘చిన్న సినిమాల ముసుగులో పెద్ద కుట్ర’ అని హెడ్డింగు, కింద ట్రాన్స్ మనుషుల మీద, స్వలింగ ప్రేమల మీద వచ్చే సినిమాలను తిడుతూ ఆరు పాయింట్లు, చివర్లో ‘నిజమైన తెలుగువాడైతే పది మందికి పంపు’. మూడుసార్లు చూడనట్లే ఉన్నాను. ఈసారి పంపినాయన నా పేరు ట్యాగ్ చేసి పక్కన నవ్వే బొమ్మ పెట్టాడు. కారణం అందరికీ తెలిసిందే: పోయినేడు మేము అనంతపురంలోనే ఒక ట్రాన్స్ మహిళ ప్రధాన పాత్రగా ఇరవై నిమిషాల సినిమా తీశాం. ఆమెను మేమంతా అక్క అంటాం. పంపినాయన ఒక ఏడు తప్పి మా బ్యాచ్‌లో కలిశాడు కాబట్టి అన్నా అంటాం. అన్నా, విను.

మొదటిది, విదేశీ డబ్బుతో తీస్తున్నారట. మా సినిమాకు అయింది 62 వేలు. నలభై వేలు నేను పెళ్లి వీడియోలు తీసి సంపాదించింది, మిగతాది ధర్మవరంలో మగ్గాలున్న స్నేహితుడు ఇచ్చాడు. ధర్మవరం వేరే దేశమని నాకింతవరకూ తెలియదు. సంస్థలు విదేశీ చందా తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ చందాల చట్టం, కింద రిజిస్టరు కావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. మా బృందానికి ఇంకా పేరే పెట్టుకోలేదు.

మన సంస్కృతిలో ఇలాంటివి లేవట. వానలు పడకపోతే మన ఊళ్లలో ఏం చదివించేవాళ్లప్పా? విరాటపర్వం. అందులో అర్జునుడు ఏడాది పాటు ఎవరై ఉన్నాడు, ఎవరికి నాట్యం నేర్పాడు? 1963లో ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ బృహన్నల వేస్తే మన తాతలు బండ్లు కట్టుకుని పోయి చూశారు. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోలీకి మగవాళ్లు చీరలు కట్టి రతీమన్మథులకు మొక్కుతారు, ఏటా పేపర్లో ఫోటో వస్తుంది. వేషం వేరు, బతుకు వేరు, ఒప్పుకుంటా. మొక్కు తీరగానే వాళ్లు చీర విప్పేస్తారు, మా సినిమాలో అక్క విప్పలేదు. కానీ ‘లేనే లేవు’ అన్నది మాత్రం ఈ జిల్లాల్లో పుట్టినవాడు రాసిన మాట కాదు.

చూస్తే పిల్లలు అలా మారిపోతారు అన్నది మూడోది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది, 2002లో ‘ఇంద్ర’. ఆ పదేళ్లూ సీమ అంటే సుమోలు, బాంబులు, తొడ కొట్టడం తప్ప ఇంకోటి చూపించలేదు. మనమంతా ఎగబడి చూశాం. ఆ లెక్కన మన బ్యాచ్ మొత్తం ఇప్పుడు కడప జైల్లో ఉండాలి. ఎవరెక్కడున్నాం? ఇద్దరు ఎల్ఐసీ ఏజెంట్లు, ఒకడు టీచరు, నువ్వు రియల్ ఎస్టేట్. మా అక్క చిన్నప్పుడు చూసినవన్నీ హీరో హీరోయిన్ పాటలే. సినిమాకు అంత శక్తే ఉంటే ఆమె ఈపాటికి మీసం తిప్పుతూ ఉండాలి.

ఆ ఫ్యాక్షన్ సినిమాల మీద మనకెంత కోపమో గుర్తుందా? హైదరాబాదులో ఇల్లు అద్దెకడిగితే ‘ఏ ఊరు?’ అన్నారని, అనంతపురం అనగానే మొహం మారిందని గ్రూపులో నువ్వే పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టావు. మన గురించి తెలియనివాళ్లు మన కథ రాస్తే ఎట్లుంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసన్నా? ‘వాడు తేడా రా’ అని నవ్వించే కామెడీ సీను ప్రతి రెండో సినిమాలో వచ్చినప్పుడు సంస్కృతికేమీ కాలేదు. ఆ నవ్వించుకున్నవాళ్లే కెమెరా ముందు నిలబడి మాట్లాడితే కుట్ర అయింది.

ఎవరూ చూడరు అన్నావు. నిజం. థియేటర్లో వేయాలంటే సెన్సారు సర్టిఫికెట్టు కావాలి, అద్దె కట్టాలి; మేము చిన్న ఫంక్షన్ హాల్లో 40 కుర్చీలు వేస్తే 19 మంది వచ్చారు, అందులో ఆరుగురం మేమే. పైగా టవర్ క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా అక్క నడిచే షాటు నాలుగు నిమిషాలు పెట్టాను. ఎడిట్ చేస్తూ నాకే ఆవలింత వచ్చింది. కానీ ఊళ్లో జనాలతో తీసినా చూస్తారు అనడానికి 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఉంది. దాన్ని మెచ్చుకుంటూ నువ్వే స్టేటస్ పెట్టావు.

అవార్డుల కోసం తీస్తారు అన్నదాంట్లో మీరు ఊహించినదానికంటే ఎక్కువ నిజముంది. కన్నడలో ‘నాను అవనల్ల అవళు’కు సంచారి విజయ్, బెంగాలీలో ‘నగరకీర్తన్’కు రిద్ధి సేన్, ట్రాన్స్ మహిళల పాత్రలు వేసి జాతీయ ఉత్తమ నటులయ్యారు. ఇద్దరూ మగవాళ్లు. బాగా చేశారు, కాదనను. కానీ ఆ పాత్రకు ఆ మనిషినే పిలవడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. దీని మీద మెసేజ్ రాయండి, నేనే పది మందికి పంపుతా.

ఇక ఆరోది. ‘పిల్లల్లో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే డాక్టరు దగ్గర ఇంజెక్షన్లు ఇప్పించండి, లేదా వెంటనే పెళ్లి చేయండి, అన్నీ సర్దుకుంటాయి.’

ఇక్కడ నాకు నవ్వు రాలేదు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. అప్పటికి మనకింకా పలకలు రాలేదు. ఇట్లా ‘మారుస్తాం’ అని చేసే వైద్యాన్ని ఆపాలని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. 2022లో డాక్టర్ల మీద అజమాయిషీ చేసే నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తన అన్నది. అంటే ఆ ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరు మీదే ఫిర్యాదు చేయొచ్చు. లేని జబ్బుకు సూది వేస్తే పోయేది ఏంటన్నా? పిల్లవాడికి ఇంట్లోవాళ్ల మీదున్న నమ్మకం.

పెళ్లి సంగతి నన్నడుగు. పెళ్లికొడుకు మొహాన్ని ఎడిటింగ్‌లో రోజుల తరబడి చూసేది నేను. ఒక పెళ్లి గురించి చెప్తా, ఊరూ పేరూ వద్దు. ‘సర్దుకుంటాడు’ అని చేసిన పెళ్లి అని నాకు తర్వాత తెలిసింది. తలంబ్రాలప్పుడు కూడా వాడు కెమెరా వైపు చూడలేదు. సిగ్గు అనుకుని జూమ్ చేశాను. రెండేళ్లకు పెళ్లికూతురి అన్న వచ్చి లాయరుకు కావాలని మొత్తం వీడియో పెన్‌డ్రైవ్‌లో వేయించుకుపోయాడు. కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చెల్లెలు డిగ్రీ మధ్యలో ఆపేసిందని మాత్రం అన్నాడు. సర్దుకున్నది ఎవరికి?

మెసేజ్ వచ్చిన పది నిమిషాలకు మన గ్రూపులోంచి ఒకరు వెళ్లిపోయారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు.

నువ్వు పంపింది శుక్రవారం రాత్రి తొమ్మిదికి. వాట్సాప్‌లో ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’కు రెండున్నర రోజులు టైమిస్తారు. సోమవారం పొద్దున తొమ్మిదిలోపు మెసేజ్ తీసెయ్. మళ్లీ పంపాలనిపిస్తే ఆ ఆరోది లేకుండా మిగతా ఐదూ పంపుకో, నేను చదువుకుంటూ ఉంటా.