ఎర్రగడ్డ అనగానే ఆ నవ్వెందుకు?

ఎక్కడుంటారని అడుగుతారు. ఎర్రగడ్డ అనగానే ‘అదీ సంగతి!’ అని ఒక వెకిలి నవ్వు. మానసిక వైద్యశాల ఉన్న పాపానికి పేటంతా తిట్టయిపోయింది. ఇక్కడ ఛాతీ ఆసుపత్రి ఉంది, రైతుబజార్ ఉంది, మెట్రో స్టేషన్ ఉంది. అవెవరికీ గుర్తుండవు! ఎవడు కాస్త తిక్కగా మాట్లాడినా ‘వీణ్ని ఎర్రగడ్డలో పడేయండ్రా’ అనడమే. విశాఖలో చినవాల్తేరు వాళ్లదీ ఇదే ఖర్మ.

మా సంగతి సరే. పిల్లాడికి డిప్రెషన్ వస్తే ఆ గేటు దాకా తీసుకురావడానికి ఇంట్లోవాళ్లు ఎందుకు జంకుతారో ఈ జోకులేసే పెద్దమనుషులకి తట్టదు. జ్వరమొచ్చి గాంధీ ఆసుపత్రికి వెళ్తే అందరికీ చెప్పుకుంటారు. ఇక్కడికి రావాలంటే మాత్రం మొహానికి చున్నీ చుట్టుకోవాలి. అడిగితే, సరదాకి అన్నారట!