గెలిచేది బోధన కాదు, వడపోత

బడుల మధ్య పోటీ పెడితే చదువు దానంతటదే బాగుపడుతుందనే మాట వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, కాదన్నవాళ్లు వెంటనే బద్ధకపు ఉపాధ్యాయుల తరఫు వకీళ్లుగా కనిపిస్తారు. ఆ ముద్ర పడినా ఫరవాలేదు. 1955లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వోచర్ల (బడి ఫీజు కింద ప్రభుత్వం ఇచ్చే చీటీల) ప్రతిపాదన చేసిన నాటినుంచి ఈ వాదం పెద్దగా మారలేదు. ప్రభుత్వ సొమ్ము పిల్లల వెంట నడవాలి, తల్లిదండ్రులు నచ్చిన బడి ఎంచుకోవాలి, పిల్లలను పోగొట్టుకున్న బడి భయంతోనైనా మెరుగుపడుతుంది, లేదంటే మూతపడుతుంది. ఇంతే. దీన్ని ఆచరించి చూసిన దేశాలు ఉన్నాయి. వాటి అనుభవం గమనిస్తే, పోటీ బడులను మార్చిన మాట నిజమే. అయితే అది పాఠం చెప్పే తీరుకన్నా పిల్లలను ఏరుకునే తీరునే ఎక్కువగా మార్చింది.

ఎందుకిలా? రెండు సబ్బుల కంపెనీలు పోటీపడితే, కొనేవారు ఎవరైనా సబ్బు అదే సబ్బు. బడిలో మాత్రం కొనేవారే సరుకులో భాగమైపోతారు. తరగతిలో పక్కన ఎవరు కూర్చున్నారు, వాళ్ల ఇళ్లలో పుస్తకాలున్నాయా, సాయంత్రం పాఠం చెప్పే పెద్దలున్నారా అన్నదాన్నిబట్టి బడి ఫలితాలు మారిపోతాయి. కాబట్టి ఉత్తీర్ణత శాతం పెంచుకోవాలనుకునే యాజమాన్యం ముందు రెండు దారులుంటాయి. వెనుకబడిన పిల్లలకు ఓపికగా నేర్పడం ఒకటి. అది ఖరీదైనది, ఏళ్లు పడుతుంది, ఫలితం వస్తుందన్న హామీ లేదు. అలాంటి పిల్లలను గేటు దాటనివ్వకపోవడం రెండోది. ఒక ప్రవేశ పరీక్ష, తల్లిదండ్రులతో ఒక ఇంటర్వ్యూ చాలు, వచ్చే ఏడాదికే ఫలితం కనిపిస్తుంది. నష్టం వస్తే దుకాణం మూసుకోవాల్సినవారు ఏ దారి పడతారో ఊహించడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు.

చిలీలో జరిగింది అచ్చంగా ఇదే. పినోచెట్ సైనిక ప్రభుత్వం 1981లో దేశమంతటా వోచర్ పద్ధతి తెచ్చింది. వెయ్యికి పైగా కొత్త ప్రైవేటు బడులు వెలిశాయి. ఇంతకన్నా పెద్ద ఎత్తున, ఇంతకన్నా స్వేచ్ఛగా పోటీని పరీక్షించిన దేశం దాదాపుగా లేదు. ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ అనుభవాన్ని తూచి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, సగటు చదువు మెరుగుపడిన ఆధారమేదీ దొరకలేదన్నారు. వాళ్లకు స్పష్టంగా కనిపించింది మరొకటి. ప్రభుత్వ బడుల్లోని మెరుగైన పిల్లలు ప్రైవేటు బడులకు తరలిపోయారు. పిల్లలు అటూ ఇటూ మారారు, దేశం మొత్తం నేర్చుకున్నది మాత్రం పెరగలేదు. 2006లోనూ 2011లోనూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చాక, చివరకు 2015లో ప్రభుత్వ సాయం అందుకునే బడులు పిల్లలను ఏరుకోకూడదని, లాభాపేక్షతో నడవకూడదని చట్టం చేయాల్సివచ్చింది.

అది నియంతృత్వం, పేద దేశం అనేవారికి స్వీడన్ ఉంది. 1992లో అక్కడ వోచర్ పద్ధతి వచ్చింది. లాభం కోసం నడిచే కంపెనీలకూ బడుల తలుపులు తెరిచారు. అక్కడ పిల్లలకు మార్కులు వేసేది సొంత బడి ఉపాధ్యాయులే. దాంతో పోటీ ఎటు తిరిగిందో చూడండి. బడులు వేసే మార్కులు ఏటికేడు పెరుగుతూ వచ్చాయి. అదే కాలంలో, 2000 నుంచి 2012 వరకు, పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాలవారీగా పోల్చే అంతర్జాతీయ పీసా పరీక్షల్లో స్వీడన్ పిల్లల స్థాయి పడిపోతూ వచ్చింది. అంతగా దిగజారిన సంపన్న దేశం మరొకటి లేదు. పతనానికి పోటీ ఒక్కటే కారణమని నేననను. ఆ తర్వాత కొంత కోలుకున్నారు కూడా. కానీ మార్కులు పైకి, చదువు కిందికి వెళ్లిన ఆ వింతను పోటీ సమర్థకులు వివరించాలి కదా. తల్లిదండ్రులకు తేలిగ్గా కనిపించేది మార్కు. అందుకే బడి మార్కునే అమ్మింది. 2013లో జేబీ ఎడ్యుకేషన్ అనే, బడులు నడిపే పెద్ద సంస్థ దివాలా తీసినప్పుడు, బడి కూడా కంపెనీలాగే దివాలా తీయగలదన్న మరో పాఠాన్ని వేలాదిమంది పిల్లలకు మార్కెట్ చెప్పింది.

లోపలికి రానివ్వకపోవడంతోనే వడపోత ముగియదు. అమెరికాలోని ఫ్లోరిడాలో బడులకు పరీక్షల ఆధారంగా గ్రేడులు ఇవ్వడం మొదలుపెట్టిన కాలాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. ఒకే గొడవలో దొరికినా, చదువులో వెనుకబడిన పిల్లలకు ఎక్కువ రోజుల సస్పెన్షన్ పడుతోందట. పరీక్షలు దగ్గరపడితే ఆ తేడా ఇంకా పెరుగుతోందట. క్రమశిక్షణ కూడా క్యాలెండర్ చూసుకుని నడిచిందన్నమాట. ఇది విద్యారంగానికే ప్రత్యేకమైన జబ్బు కాదు. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో గుండె శస్త్రచికిత్సల మరణాల రేటును ఆసుపత్రులవారీగా ప్రకటించినప్పుడు, బాగా జబ్బుపడ్డవారికే ఎక్కువ నష్టం జరిగిందని 2003లో తేల్చారు. ర్యాంకు భయం ఉన్నచోట కష్టమైన రోగీ, కష్టమైన విద్యార్థీ ఎవరికీ అక్కరలేదు.

పోటీ వైపు కూడా పరిశోధనలున్నాయి. అదే ఫ్లోరిడాలో ప్రైవేటు బడులకు స్కాలర్‌షిప్పులు ఇచ్చాక ప్రభుత్వ బడుల ఫలితాలు కొద్దిగా పెరిగాయని తేలింది. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో లాటరీ ద్వారా వోచర్లిచ్చి చేసిన ప్రయోగం 2015లో ప్రచురితమైంది. ప్రైవేటు బడులు మూడో వంతు కన్నా తక్కువ ఖర్చుతోనే తెలుగు, గణితాల్లో ప్రభుత్వ బడులతో సమానంగా నిలిచాయి. పొదుపు గురించి చెప్పుకోదలచినవారు ఇక్కడ ఆగుతారు. అదే ప్రయోగంలో, ప్రభుత్వ బడిలోనే మిగిలిపోయిన పిల్లల చదువు ఆ పోటీ వల్ల పెరగనూ లేదు, తగ్గనూ లేదు. పోటీ తాకిడికి పక్క బడి ఉలిక్కిపడి లేస్తుందన్న ఆశకు అక్కడ ఆధారం దొరకలేదు. ఖర్చు తగ్గడానికి ప్రధాన కారణం ఉపాధ్యాయుల జీతాలు తక్కువ కావడం. దాన్ని బోధనలో సాధించిన విజయమనడం కష్టం.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇంకొకటుంది. తల్లిదండ్రులు అసంతృప్తిని తెలియజేయడానికి బడి మార్చేయడమే సూటి మార్గమని, రాజకీయ మార్గాలు చాలా గజిబిజి అని ఫ్రీడ్‌మన్ భావన. మరో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో దీన్ని పట్టుకుని ఎద్దేవా చేశాడు. అభిప్రాయం చెప్పడానికి సూటి మార్గం అభిప్రాయం చెప్పడమేనని ఆర్థికశాస్త్రం రాని మామూలు మనిషి అమాయకంగా అనుకోవచ్చు కదా అన్నాడు! ఆయన చెప్పిన అసలు సంగతి ఆ చమత్కారం కన్నా పదునైనది. బడి నాణ్యత పడిపోతే మొదట వెళ్లిపోయేది నాణ్యత గురించి ఎక్కువ పట్టించుకునే కుటుంబాలే. అంటే ప్రధానోపాధ్యాయుడిని నిలదీయగలవారు, సమావేశానికి వచ్చి గొంతెత్తేవారు, అర్జీ రాయడం తెలిసినవారు. వాళ్లు వెళ్లిపోయాక బడి భయపడి బాగుపడదు. అడిగేవారు లేక ప్రశాంతంగా కుళ్లిపోతుంది.

ఇది చదువుతో ఆగడం లేదు. ఆసుపత్రి, తాగునీరు, బస్సు, భద్రత, ఏది చూసినా మనకు నేర్పుతున్న సంస్కారం ఒక్కటే: నచ్చకపోతే ఇంకోటి కొనుక్కో. కొనగలిగినవారు నిజంగానే కొనుక్కుంటున్నారు. కొనుక్కున్న మర్నాటి నుంచి ఆ ఉమ్మడి సేవ ఎలా ఉంటే వారికేం? పన్ను కట్టడం దండగనిపిస్తుంది, దాన్ని బాగుచేస్తామన్న నాయకుడి మాట వినబుద్ధి కాదు. పౌరుడు వినియోగదారుడిగా మారే ఈ శిక్షణ ఐదారేళ్ల వయసులో, బడి ఎంపికతోనే మొదలవుతోంది. అదీ పిల్లల కళ్లముందే.

పోటీ లేకపోతే నిద్రపోతారని అనకండి. 2003లో మొదలైన లండన్ ఛాలెంజ్ కార్యక్రమంలో మంచి బడుల ప్రధానోపాధ్యాయులను, ఉపాధ్యాయులను తడబడుతున్న బడులకు తోడుగా పంపారు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో వెనుకబడిన లండన్ బడులు ముందువరసకు వచ్చాయి. ఆ మార్పులో ఏ కారణం వాటా ఎంతన్న చర్చ నడుస్తూనే ఉంది. కనీసం అక్కడ ఒక బడి కనుక్కున్న మంచి పద్ధతి పక్క బడికి వ్యాపార రహస్యం కాలేదు.

ర్యాంకుల జాబితాలు ఎలాగూ ఆగవు. అచ్చువేసేవారు ప్రతి బడి పేరు పక్కన ఇంకో మూడు అంకెలు కూడా వేయాలి: దరఖాస్తు చేసినవారిలో ఎందరిని తిప్పి పంపారు, ఆరో తరగతిలో చేరినవారిలో పదో తరగతి పరీక్ష ఆ బడి నుంచే రాసింది ఎందరు, మధ్యలో వెళ్లినవారు ఏ బడిలో తేలారు. ఈ లెక్కల్లో చాలావరకు బడుల రిజిస్టర్ల నుంచి తీయగలిగినవే.