నా శరీరం మాట వింటూనే ఉంది, మీరే వినడం లేదు

ఇంటికి వచ్చి గంటయింది. చెమట ఆరింది కానీ నా మంట ఆరలేదు.

జరిగింది చిన్న విషయమే. మూడు వారాలుగా చెప్పిన రోజున చెప్పినట్టు జిమ్ముకు వెళ్తున్నాను. ఈ ఉదయం ట్రైనరు నన్ను బరువు చూసే మిషను ఎక్కించాడు. మొదటి రోజు కంటే 300 గ్రాములు ఎక్కువ చూపించింది. అతను ఆ అంకె రాసుకుని, పక్కన నలుగురు వింటుండగా, "మేడమ్, మీ శరీరం మాట వినడం లేదు" అన్నాడు. అదీ ఎంతో జాలిగా, మొండిపిల్ల గురించి తల్లిదండ్రులకు చెబుతున్నట్టు.

మాట వినడం లేదా? ఈ మూడు వారాల్లో మీరు చెప్పిన ప్రతి మాటా విన్నది అదొక్కటే నాయనా!

లేవగానే నాడి చూసుకుంటే అప్పట్లో నిమిషానికి 78 ఉండేది. ఇవాళ 72. ఆ ఆరు ఎటు పోయాయి? కూర్చున్న మనిషికి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపాలి. ఒక్కసారి కొట్టుకున్నప్పుడు 70 మిల్లీలీటర్లు పంపే గుండె అందుకు 70 సార్లు కొట్టుకోవాలి. 100 మిల్లీలీటర్లు పంపేదానికి 50 సార్లు చాలు. పరుగు, ఈత, సైకిలు లాంటివి ఏళ్ల తరబడి చేసేవారి గుండె గది వెడల్పై అక్కడిదాకా వెళ్తుంది. నాది ఇంకా ఆ దారిలో మొదటి మలుపు దగ్గరే ఉంది, ఒప్పుకుంటాను. కానీ బయలుదేరింది కదా! వ్యాయామం మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే కణాలు తేలే నీటి భాగం, పెరుగుతుంది. కండరాలు గ్లైకోజెన్‌ను, అంటే నిల్వ చక్కెరను, ఎక్కువగా దాచుకోవడం మొదలుపెడతాయి, ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుంటాయి. అతను చూసి జాలిపడిన ఆ 300 గ్రాములు ఇవే అయి ఉండవచ్చు. ఎముక, రక్తం, నీళ్లు, కొవ్వు అన్నీ ఒకే మూటగా కట్టి తూచే కాటాకు ఏమి తెలుస్తుంది?

1967లో జాన్ హోలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద వారాల తరబడి పరిగెత్తించాడు. వాటి కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం దాదాపు రెట్టింపయిందని చూపించాడు. అదృష్టవంతులు ఆ ఎలుకలు. నలుగురి ముందు వాటిని చూసి తల అడ్డంగా ఊపినవారు ఉండరు.

బరువుల సంగతి కూడా చెబుతాను. అయిదు కిలోల డంబెల్‌తో మొదలుపెట్టినదాన్ని, ఇప్పుడు ఏడున్నర కిలోలది ఎత్తుతున్నాను. చేయి చుట్టుకొలత ఏమీ మారలేదు. మరి ఆ బలం ఎక్కడిది? తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలది. ఇంట్లో పది మంది ఉండి ముగ్గురే పని చేస్తుంటే, మిగతావారిని తట్టి లేపినట్టు, ఉన్న కండరంలోనే ఎక్కువ పోగులను మెదడు పనిలోకి దింపుతుంది. కండ కంటికి కనిపించేలా పెరగడం ఆ తరువాతి మాట. అద్దంలో కనిపించనిదీ కాటాలో తేలనిదీ జరగనట్టే అనుకుంటే, పాపం, మూడో వారంలో మానేసేవారిని తప్పుపట్టడం ఎందుకు? మానిపించేది ఈ జాలి చూపులే.

అన్నట్టు, మరునాటి కాళ్ల నొప్పులకు కారణం లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడమట! ఇదీ అతని మాటే. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో ఆ లాక్టేట్ (శరీరంలో ఆ ఆసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది కూడా. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. అలవాటు లేని పనికి, ముఖ్యంగా సాగుతూ బరువు మోసినప్పుడు, కండరపు పోగులకు తగిలే చిన్న చిన్న గాయాల నొప్పి అది. చెబితే నవ్వాడు.

నవ్వి, "ఆడవాళ్లకు కార్డియో చాలు మేడమ్, బరువులు మగవాళ్లకు" అన్నాడు. అదిగో, అసలు అక్కడ తెగింది నాకు. ఎందుకంటే ఈ మాట నాకు కొత్త కాదు. రెండేళ్ల కిందట మా అమ్మ విషయంలో విన్నదే.

అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక కూడా బంధువులంతా కలిసి నెల రోజులు మంచం దిగనివ్వలేదు. "ఈ వయసులో ఒంటికి విశ్రాంతి కావాలి" అని ఒకరు, "మంచినీళ్లకు కూడా లేవకు వదినా" అని ఇంకొకరు. ఆ నెల చివర బరువు చూశారు. తగ్గలేదు! ఎంత సంబరమో అందరికీ. మరి కుర్చీలోంచి లేవాలంటే నేను చేయి పట్టుకోవలసి వచ్చిందే, అది ఏ కాటా చూపించింది? కండ పోయి ఆ చోటులోకి కొవ్వు చేరితే ముల్లు కదలదు మరి.

1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల కుర్రవాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకోగల శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తరువాత ఆ ఐదుగురినే మళ్లీ పరీక్షించారు. 30 ఏళ్ల వయసు లాక్కున్నదాని కంటే ఆ మూడు వారాల మంచం లాక్కున్నదే ఎక్కువని తేలింది. కుర్రవాళ్ల గతే అది. డెబ్బై దాటిన మా అమ్మను నెల పడుకోబెట్టినవారు ఇప్పటికీ తాము సేవ చేశామనే అనుకుంటున్నారు.

అమ్మ చేత బరువులు ఎత్తిస్తానంటే నన్ను రాక్షసిని చేశారు. 1990లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ల వారితో ఎనిమిది వారాలు తొడల బలానికి బరువుల సాధన చేయిస్తే, ఆ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇది చెబితే "వాళ్ల ఒళ్లు వేరు" అన్నారు. వేరట!

అమ్మ ఇప్పుడు కుర్చీ చేతులు పట్టుకోకుండా వరుసగా పన్నెండు సార్లు లేచి కూర్చుంటుంది. మొదట్లో రెండుసార్లకే ఆయాసపడేది. నిన్న పిన్ని ఫోను చేసింది. ఎలా ఉందని అడగలేదు, ఏమి చేస్తోందని అడగలేదు. "అక్క బరువెంత ఉందే ఇప్పుడు?" అంది.

ఫోను అమ్మకు ఇవ్వబోయాను కానీ ఆమె అప్పటికే మేడ మెట్ల మీద ఉంది. కిందికి వచ్చాక చేస్తుందన్నాను. అమ్మ ఫోను చేయలేదు, మళ్లీ పైకి ఎక్కింది.