ఎవరూ చదవని నివేదిక

ప్రతి శుక్రవారం నేను సిద్ధం చేసే 12 పేజీల నివేదికను ఎవరైనా చదువుతున్నారా అని చాలాకాలంగా ఉన్న సందేహం, వరుసగా 3 వారాలు ఒక పట్టికలో పాత అంకెలే పొరపాటున ఉండిపోయినా ఒక్కరూ అడగకపోవడంతో తీరిపోయింది. నన్ను బాధించేది అలసట కాదు. ఒకరి అక్కరకు వచ్చే పని ఎంత చేసినా రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. యంత్రాలు బాగుచేసే సహోద్యోగులను చూస్తే నిజంగా అసూయ కలుగుతుంది, ఆగిపోయినది తిరిగి నడవడం వారికి కళ్లెదుటే కనిపిస్తుంది కనుక. ఈ నివేదికను ఆపేద్దామని పైఅధికారిని అడిగితే, ఎప్పటినుంచో వస్తున్నదే కదా, కానివ్వండి అన్నారు. ఇప్పుడు దాన్ని ఉదయమే ముగించి, మధ్యాహ్నం 2 గంటలు కొత్తగా చేరినవారికి పని నేర్పుతున్నాను. వారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు మాత్రమే నా చదువు, నా అనుభవం ఇంకా బతికే ఉన్నాయనిపిస్తుంది.