యాపిల్ గారికి అనంతపురం నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ యాపిల్ గారి సముఖమునకు,

టవర్ క్లాక్ దగ్గర తోపుడుబండి మీద తెల్లటి నురుగు తొడుగు వేసుకుని, ఒంటిమీద స్టిక్కరుతో తమరు కొలువుదీరి ఉంటే బుగ్గన చుక్క పెట్టిన పెళ్లికొడుకే గుర్తొస్తాడు. మా జిల్లాలో ఎవరు ఆసుపత్రిలో చేరినా మంచం పక్కకు ముందు చేరేది తమరే. ఎకరాల కొద్దీ చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతు కూడా రోగిని చూడబోతూ తమరినే కిలో తూయించుకుంటాడు. సొంత చీనీకాయలు తీసుకెళ్తే పిసినారి అంటారని భయం.

ఇంత మర్యాద దేనికో! రోజుకొక యాపిల్ తింటే డాక్టరుతో పనిలేదన్న మాట 1866 నాటికే వేల్స్ సామెతగా అచ్చయింది. అందులో ఉన్నదల్లా పడుకోబోయే ముందు తమరిని తిని డాక్టరు పొట్టకొట్టమనే. 2015లో అమెరికా పరిశోధకులు 8,399 మంది సర్వే వివరాలు పరిశీలించారు. చదువు, ఆరోగ్య స్థితి వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక, రోజూ తమరిని తినేవాళ్లు కూడా మిగతావాళ్లలాగే డాక్టరు గడప తొక్కుతున్నారని తేలింది. మందుల వాడకం మాత్రం కాస్త తక్కువట. ఆ పుణ్యం తమరిదో, తినేవాళ్ల ఇతర అలవాట్లదో ఆ సర్వే తేల్చలేదు.

కోసిన ముక్క రంగు మారగానే "చూడు, ఎంత ఇనుముందో!" అంటుంది మా పెద్దమ్మ. గాలి తగిలినప్పుడు తమరిలోని ఎంజైము చేసే నిర్వాకం అది. నూరు గ్రాములకు అర మిల్లీగ్రాము ఇనుము కూడా లేని తమరికి ఈ బిరుదేమిటి? సి విటమిన్ సంగతి ఎత్తకపోవడమే మేలు. నూరు గ్రాములకు తమరి దగ్గర ఐదు మిల్లీగ్రాములుంటే గొప్ప. అవ్వ గంపలో అమ్మే జామకాయలో రెండు వందలకు పైమాటే.

అలాగని తమరు వట్టి డాబు కాదు. తొక్కతో తింటే ఒక మోస్తరు కాయలో నాలుగు గ్రాములకు పైగా పీచు ఉంటుంది. అందులోని పెక్టిన్ అనే రకం పీచు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది కూడా. రసం తీసి వడకడితే ఆ పీచు దాదాపు అంతా పిప్పిలోనే పోతుంది. తొక్క తీసినా దాదాపు సగమే మిగులుతుంది. కానీ పైపూత మైనం పేగులకు అంటుకుంటుందని మా పెద్దమ్మ నమ్మకం. అది తినదగిన మైనమేనని, కడిగితే చాలని చెబితే వినదు. చాకుతో ఒంటిపొరగా, తెగకుండా, చుట్టలు చుట్టలుగా తొక్కంతా ఒలిచి మేకకు వేస్తుంది.

మా ఇంట్లో తమరి వల్ల నిజంగా బాగుపడుతున్నది ఆ మేకే.

ఇట్లు,
చీనీకాయల జిల్లా వాసి